దొంగలు పడని తరగతి

అన్యాయం జరిగింది ఎవరికి? ఎలా జరిగింది? తక్కిన మాటలన్నీ తరువాత. ముందు ఈ రెండింటికీ నిక్కచ్చిగా జవాబు చెప్పుకోవాలి.

మొదట అన్యాయమైపోయింది కుట్టుపని చేసుకుని బతికే ఒక తల్లి. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు అనుబంధంగా ఒక బడి ఉంది. రేపటి ఉపాధ్యాయులు పాఠం చెప్పడం నేర్చుకునేది అక్కడి పిల్లల మీదే. ఆమె కూతురు ఆ బడిలో మూడో తరగతి చదువుతోంది. ఒక మధ్యాహ్నం ఆమెకు ఫోను వచ్చింది. గొంతు చాలా మర్యాదగా ఉంది. పాప పేరు చెప్పింది, తరగతి చెప్పింది, పాఠం చెప్పే టీచరు పేరు కూడా చెప్పింది. "పాప మెట్ల మీంచి పడిందమ్మా, తలకు దెబ్బ తగిలింది. ఆస్పత్రిలో చేర్చుకోవాలంటే మీ ఫోనుకొచ్చిన నంబరు చదవండి" అంది. ఆమె చదివింది. మిషను మీద చొక్కాను సగం కుట్టులో వదిలేసి, కాళ్లకు చెప్పులైనా లేకుండా బడికి పరుగెత్తింది. పాప వరండాలో కూర్చుని పెన్సిలు చెక్కుకుంటోంది. ఈలోగా బ్యాంకులో ఆమె దాచుకున్నది తుడిచిపెట్టుకుపోయింది. ఆ వారంలో మరి కొందరు తల్లులకూ ఇదే గతి పట్టింది.

రెండవ అన్యాయం ఒక శిక్షణార్థికి జరిగింది. తోటివాళ్లు ఆ పిల్లను 'తాళంకప్ప' అని పిలిచేవారు. ఈ దొంగతనాలకు మూలం ఆమేనని కళాశాల తేల్చింది. సోమవారం ఉదయం, హాలు నిండా జనం ఉండగా, ప్రిన్సిపాల్ ఆమెను పేరు పెట్టి పిలిచి, లేపి నిలబెట్టి, "ఇలాంటివాళ్లు పిల్లల గాలి సోకడానికి కూడా పనికిరారు" అన్నాడు. ఆమె పక్క కుర్చీల్లోని ఆడపిల్లలు కుర్చీలు దూరంగా లాక్కున్నారు. సర్టిఫికెట్టు ఆపేశారు. అది లేనిదే ఏ బడీ ఆమెను గడప తొక్కనివ్వదు. పోయింది ఒక కాగితం మాత్రమే కాదు, ఆమె కోరుకున్న జీవితం.

ఇది అన్యాయమని ఆ కళాశాలలో అన్న మనిషి ఒక్కతే. ఆమె లెక్కలు ఎలా బోధించాలో నేర్పే సీనియరు అధ్యాపకురాలు. అందరికీ లెక్కల మేడం. నిలువునా స్కేలు పెట్టి గీసినట్టుండే మనిషి. తమాషా ఏమిటంటే, కంప్యూటరు పాఠాలంటే ఆ కళాశాలలో అందరికంటే ఎక్కువ కిట్టనిది ఆమెకే. "సుద్దముక్క ఎవరి తల్లికీ ఫోను చెయ్యదు" అనేది. అయినా ఇష్టం వేరు, న్యాయం వేరు అని ఆమెకు చిన్ననాటి నుంచే తెలుసు.

ఆ కళాశాల తీరు తెలియనిదే ఈ అన్యాయం లోతు అంతుపట్టదు. కంప్యూటరు బోధన నేర్పే అధ్యాపకుణ్ణి పిల్లలు 'క్లిక్కు మాస్టారు' అనేవారు. తెర మీద ఏది మెరిసినా దాన్ని నొక్కనిదే ఆయన వేలు ఊరుకోదు. కళాశాలకు ఒక వెబ్‌సైటు ఉండేది. శిక్షణార్థులు తమ పాఠాలను, తాము బోధించే పిల్లల పేర్లను, ఫొటోలను, తల్లిదండ్రుల ఫోను నంబర్లను అందులోనే ఎక్కించాలి. దానికి అందరికీ కలిపి ఒకటే పాస్‌వర్డ్. ఆయన దాన్ని నల్లబల్ల మూలన పెద్ద అక్షరాలతో రాసి, చుట్టూ గడి గీసి, పక్కన 'చెరపరాదు' అని పెట్టాడు. అది చాలదన్నట్టు, ఉపాధ్యాయుల అలవాటు ఎక్కడికి పోతుంది, ఎక్కం చెప్పించినట్టు తరగతి చేత దాన్ని గొంతెత్తి వల్లెవేయించేవాడు. దారిన పోయే పాలవాడికి కూడా అది నోటికొచ్చి ఉంటుంది. అదే బల్ల మీద, ఆ గడికి జానెడు కింద, ఆనాటి పాఠం: 'పాస్‌వర్డ్‌ను ఎవ్వరితోనూ పంచుకోరాదు.' దాన్నీ వల్లెవేసేవారు, అదే రాగంలో.

ఒకసారి ఆ గది ముందు నుంచి పోతూ లెక్కల మేడం ఆ రెండు వల్లెలనూ ఒకదాని వెనుక ఒకటి విన్నది. చెడిపోయిన పాలను పొరపాటున నోట పోసుకున్నట్టయింది ఆమెకు.

ఇక పరీక్ష సంగతి. సైబర్ భద్రత మీద ఆన్‌లైన్ పరీక్ష పెడితే, తరగతి లీడరమ్మ తక్కినవాళ్ల ఖాతాలన్నీ తెరిచి అందరి తరఫునా తానే రాసేసింది. అందరికీ నూటికి నూరు. తాళంకప్ప ఒక్కతే సొంతంగా రాసి, ఒక ప్రశ్న తప్పింది. ఆ విధంగా సైబర్ భద్రతలో తరగతి మొత్తానికీ ఆఖరి స్థానం ఆమెకే దక్కింది. 'కంప్యూటరు ద్వారా బోధన పట్ల మీ వైఖరి' అని సర్వే వస్తే దాన్నీ లీడరమ్మే నింపింది: అందరూ 'పూర్తిగా అంగీకరిస్తున్నాను'. తాళంకప్ప మాత్రం తన సర్వేలో, "పాఠానికి మంచిదే. కానీ తలుపు వేయడం రానివాళ్ల చేతికి పిల్లల వివరాలు ఇవ్వకూడదు" అని రాసింది.

"ఏమే, నీ పాస్‌వర్డ్ చెబితే నీ అరగంట పని నేనే చేసిపెడతా కదే!" అని లీడరమ్మ బతిమాలేది.

"వద్దులే అక్కా, నా పని నేనే చేసుకుంటా."

"అబ్బో! లోపలేం నిధి దాచావే తల్లీ, అంత తాళం?"

నిధి కాదు, ఐదో తరగతి పిల్లలు. తన తరగతి పేజీకి ఆమె తన సొంత పాస్‌వర్డ్ పెట్టుకుంది. ఎవరడిగినా చెప్పలేదు. ఆ పేరు ఆమెకు అలా వచ్చింది.

ఫోన్ల గొడవ బయటపడ్డాక ప్రిన్సిపాల్ విచారణ సంఘం వేశాడు. అందులో ముగ్గురు: ఆయన, క్లిక్కు మాస్టారు, లెక్కల మేడం. ప్రిన్సిపాల్ గదిలో, 'డిజిటల్ బోధనలో ఆదర్శ కళాశాల' అని రాసి ఉన్న షీల్డు కొత్త గాజు బీరువాలో తళతళలాడుతోంది. తప్పు కళాశాలదని తేలితే ఆ షీల్డు వెనక్కి పోతుంది. ఈ ముక్క ఆ గదిలో ఎవరూ పైకి అనలేదు, ఎవరూ మరిచిపోనూ లేదు.

"నీ క్లాసు పిల్లల ఇళ్లకి ఒక్క ఫోనన్నా వచ్చిందా?" అని అడిగాడు క్లిక్కు మాస్టారు.

"రాలేదు సార్" అంది తాళంకప్ప.

"మిగతా అన్ని క్లాసులకీ వచ్చాయి. నీ ఒక్క క్లాసుకే ఎందుకు రాలేదంటావ్?"

"నా పేజీకి నేను తాళం వేసుకున్నాను సార్."

"చూశారా! ఒప్పుకుంది!" అంటూ ఆయన ప్రిన్సిపాల్ వైపు తిరిగాడు.

"ఏం ఒప్పుకుందండీ?" అంది లెక్కల మేడం. "తలుపేసుకుని పడుకున్నానని ఒప్పుకుంది. వీధిలో దొంగలు పడితే, తలుపేసుకున్న ఇంటావిడను పట్టుకొచ్చి కట్టేస్తారా?"

ప్రిన్సిపాల్ గొంతు సవరించుకున్నాడు. "అదికాదు మేడం. తాళాల సంగతి బాగా తెలిసినవాళ్లకే కదా, తాళాలు తీసే సంగతీ తెలిసేది."

"మందుల సంగతి తెలిసినవాళ్లకే విషాల సంగతీ తెలుస్తుందండీ. మీ ఇంటి డాక్టరుగారిని ఎప్పుడు పట్టిస్తున్నారు?"

క్లిక్కు మాస్టారు నవ్వబోయి, ప్రిన్సిపాల్ మొహం చూసి దగ్గుగా మార్చుకున్నాడు. "అసలు ఈ అమ్మాయికి కంప్యూటరు బోధనంటేనే గిట్టదండీ. సర్వేలో ఏం రాసిందో చూడండి. పైగా భద్రత పరీక్షలో క్లాసుకంతటికీ లాస్టు."

"అంటే, తాళాల విద్యలో అందరికంటే మొద్దూ ఈ పిల్లే, అందరి తాళాలూ తీసిన గజదొంగా ఈ పిల్లే. ఏదో ఒకటి ఖాయం చేసుకోండి. నాకు రెండూ కూడిక పడటం లేదు."

కానీ అక్కడ ఎవరికీ కూడికలు అక్కర్లేదు. ముగ్గురిలో ఇద్దరు సంతకం చేశారు. లెక్కల మేడం కలం మూత పెట్టి లేచింది. "మీరు పెట్టకపోయినా మెజారిటీ ఉందిలెండి" అన్నాడు ప్రిన్సిపాల్, ఆమె టీకి డబ్బులివ్వకుండా పోతున్నట్టు.

ఆమెకు అసహ్యం వేసింది అబద్ధానికి కాదు. అబద్ధమాడేవాడికి కనీసం నిజమేదో తెలిసి ఉంటుంది. వీళ్లకు తెలియకపోవడమే గొప్ప, తెలుసుకోకపోవడమే పవిత్రత. 'మాకేం తెలుసండీ ఈ కంప్యూటర్ల గురించి' అని చేతులు దులుపుకున్న ప్రతివాడూ ఆ మాటతోనే నిర్దోషి అయిపోయాడు. తెలిసిన పాపానికి ఒక్క పిల్ల దోషి అయింది. తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ పిడికెళ్లన్నీ ఒకే ఒళ్లో పోశారు.

తాళంకప్పకు అమ్మానాన్నలు లేరు. అక్క దగ్గర ఉండేది. అక్క మొగుడికి బస్టాండు దగ్గర జిరాక్సు షాపు. ఆ ఏడాదంతా ఆమె అక్కడే కూర్చుంది. ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టుకునే తోటివాళ్లు తమ సర్టిఫికెట్లు పట్టుకుని అక్కడికే వచ్చేవారు. తనకు దక్కనిదాన్ని ఆమె రోజూ అద్దం మీద బోర్లా పెట్టి, మూత వేసి, మీట నొక్కేది. లీడరమ్మ కూడా ఒకనాడు వచ్చి, మొహం పక్కకు తిప్పుకుని నాలుగు కాపీలు తీసుకుని పోయింది.

"మరదలా, వాళ్లవి ఇన్ని కాపీలు తీస్తున్నావు, ఒకదాని మీద నీ పేరు అతికించి తీసెయ్యరాదూ?" అని బావ వేళాకోళమాడేవాడు.

"అప్పుడు నిజంగానే దొంగనవుతా బావా. ఇప్పటిదాకా ఉత్తుత్తి దొంగనే కదా."

"దీనికి నోరొక్కటీ తాళం లేకుండా వదిలేశారు" అని అక్క లోపలి నుంచి అనేది. అని, చీరకొంగు నోట్లో కుక్కుకునేది.

లెక్కల మేడం తన పదవీ విరమణ కాగితాల నకళ్లకు ఆ షాపుకే వెళ్లింది. కావాలనే వెళ్లింది. కాగితాలు యంత్రంలో నడుస్తుంటే స్టూలు మీద కూర్చుని, "నాకు అర్థమయ్యేలా చెప్పు. దొంగలు ఎలా దూరారు?" అని అడిగింది.

"ఎవరో ఒకరికి ఉత్తరం లాంటిది వచ్చి ఉంటుంది మేడం. 'మీ ఖాతా మూసేస్తున్నాం, వెంటనే ఇక్కడ పాస్‌వర్డ్ కొట్టండి' అని. నొక్కితే అచ్చం మన కాలేజీ పేజీలాగే తెరుచుకుంటుంది. కానీ అది దొంగ పేజీ. అందులో పాస్‌వర్డ్ కొట్టారంటే తాళంచెవి దొంగ చేతిలో పెట్టినట్టే. అందరికీ ఒకటే తాళంచెవి కదా మరి."

"ఎవరు కొట్టి ఉంటారు?"

"నేను చూడలేదు మేడం. చూడనిది చెప్పను."

ఆ జవాబు లెక్కల మేడం మనసులో నాటుకుంది. ఆ పిల్ల తలచుకుంటే తన మీద పడిన నిందను ఒక్క మాటతో మరొకరి మీదకు నెట్టేయవచ్చు. నెట్టలేదు.

మరునాడు అధ్యాపకుల సమావేశంలో ఆమె లేచి, పాస్‌వర్డ్ మార్చమని అడిగింది. నల్లబల్ల మూలన ఆ గడి, 'చెరపరాదు' అన్న మాటతో సహా, ఏడాదిగా అలాగే ఉంది.

"దొంగే పోయిందిగా మేడం, ఇంకా కొత్త తాళం దేనికండీ?" అన్నాడు క్లిక్కు మాస్టారు. "మళ్లీ అందరిచేతా కొత్తది బట్టీ పట్టించాలంటే నా తల ప్రాణం తోకకొస్తుంది."

అందరూ నవ్వారు. ఆమె కూర్చుంది.

కాలం ఎక్కువ పట్టలేదు. ఒక ఉదయం, పాఠాల గంట కొట్టిన కాసేపటికి, ప్రిన్సిపాల్ తన గదిలోంచి బాణంలా బయటకొచ్చి వరండా దాటి అనుబంధ బడి వైపు పరుగెత్తాడు. ఒక కాలి బూటు ఊడిపోయినా వెనక్కి చూసుకోలేదు. ఆయన మనవడు అక్కడ రెండో తరగతి. మర్యాదగా ఉన్న గొంతు ఆయనకు కూడా ఫోను చేసింది. ఆయన కూడా నంబరు చదివాడు. మనవడు బెంచీ మీద కూర్చుని తాతను చూసి, "తాతయ్యా, నీ బూటేదీ?" అన్నాడు.

ఆయన గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. వెనకే లెక్కల మేడం వచ్చింది, చేతిలో ఆ బూటుతో.

"పిల్లాడు క్షేమమేనా?"

"క్షేమమే."

"సంతోషం. ఇప్పుడు ఎవర్ని నిలబెడదామండీ? ఏడాది నుంచీ ఆ పిల్ల ఈ గడప తొక్కలేదు."

ఆయన బూటు అందుకున్నాడు. వంగి దాన్ని తొడుక్కున్నాడు.

ఆ మధ్యాహ్నం క్లిక్కు మాస్టారిని పిలిచి తలుపు వేసి అడిగారు. ఆయన పెద్దగా తడబడలేదు కూడా. అవును, పోయినేడాది ఏదో ఉత్తరం వచ్చింది, ఖాతా మూసేస్తామంది, కొట్టాను. తరువాత అనుమానం వచ్చింది. చెబితే గొడవ అవుతుందని ఊరుకున్నాను.

"అందరికీ వస్తూనే ఉంటాయండీ అలాంటివి" అని కూడా అన్నాడు.

"తెలిసి కూడా, ఆ పిల్లను 'ఒప్పుకుంది' అన్నారా?" అంది లెక్కల మేడం.

"అప్పటికి నాకు పూర్తిగా తెలియదు కదండీ. అనుమానమే."

"మీ మీద ఉన్నది అనుమానం. ఆమె మీద లేనిది రుజువు. అంతేనా?" ఆమె కిటికీ దగ్గరకు వెళ్లి నిలబడింది. ఆ మనిషి కూర్చున్న గదిలో గాలి పీల్చడం ఆమెకు ఇష్టం కాలేదు. కళ్లెదుట నీళ్లలో మునిగిపోతున్న మనిషి తల మీద కాలు పెట్టి ఒడ్డెక్కి, పాంటు తడిసిందే అని విసుక్కున్నవాడి మొహం అది.

ప్రిన్సిపాల్ మెత్తగా మొదలుపెట్టాడు. సర్టిఫికెట్టు పోస్టులో పంపించేద్దాం. 'పునఃపరిశీలన మీదట' అని ఒక ముక్క జతపరుద్దాం. ఇద్దరి మర్యాదా నిలుస్తుంది.

"ఇద్దరిదీనా? ఆమె మర్యాద ఏడాది కిందటే మీరు హాలులో వేలం వేశారు. నిండు సభలో అన్నమాట కవర్లో పెట్టి తీర్చలేరండీ. ఎక్కడ అప్పు చేశారో అక్కడే తీర్చాలి."

"సభ పెట్టి నా పరువు నేనే తీసుకోమంటారా? షీల్డు సంగతి కూడా ఆలోచించండి."

"సభ మీరు పెట్టక్కర్లేదు. వచ్చేవారం నా వీడ్కోలు సభ ఉందిగా. నా గురించి ఒక్క మంచి మాట కూడా నాకొద్దు. ఆ సమయమంతా ఆ పిల్లకివ్వండి. ఆ కుట్టుపని ఆమెనూ పిలవండి. సర్టిఫికెట్టు మీద తేదీ పోయినేడాదిదే ఉండాలి. లేకపోతే తోటివాళ్లకంటే జన్మంతా ఒక ఏడాది వెనకబడిపోతుంది. ఇవేవీ కుదరవంటే చెప్పండి, వీడ్కోలుకు నేను రాను. ఎందుకు రాలేదో అడిగిన ప్రతివాళ్లకీ చెబుతాను. ఇక ఉద్యోగం లేదు కనుక నాకు బోలెడంత తీరిక."

ఆయన ఆ షీల్డు వంక చాలాసేపు చూశాడు. చివరికి తలూపాడు.

సభనాడు హాలు నిండింది. కొత్త శిక్షణార్థులు, పాత శిక్షణార్థులు, బడి పిల్లల తల్లులు. తాళంకప్ప అక్కాబావలతో వచ్చి రెండో వరసలో కూర్చుంది. కుట్టుపని ఆమె గోడవార కుర్చీ అంచున కూర్చుంది, ఎప్పుడు లేవమంటారో అన్నట్టు. లీడరమ్మ వెనక వరసలో తల దించుకుని ఉంది.

ప్రిన్సిపాల్ మైకు ముందుకు వచ్చాడు. లెక్కల మేడం సేవల గురించి ఒక వాక్యం మొదలుపెట్టి, ఆమె చూపు తగలగానే తుంచేశాడు.

"గత సంవత్సరం... మన కళాశాలలో కొన్ని అపోహల వల్ల... కొందరి మనసులు నొచ్చుకున్నాయి..."

తాళంకప్ప లేచి నిలబడింది.

"సార్, ఆ రోజు మీరు 'కొందరు' అనలేదు. నా పేరు పెట్టి పిలిచి లేపారు. ఈరోజు కూడా పేరు పెట్టే చెప్పండి."

"కూర్చోమ్మా, చెబుతున్నా కదా..."

"అప్పుడు కూర్చోనివ్వలేదు కదా సార్. ఇప్పుడు కూడా నిలబడే వింటాను."

హాలులో ఒక్క కుర్చీ కూడా కదల్లేదు. ప్రిన్సిపాల్ చేతిరుమాలు తీశాడు, మళ్లీ జేబులో పెట్టాడు. అప్పుడు ఆమెను పేరు పెట్టి పిలిచాడు. ఆమె ఏ తప్పూ చేయలేదని చెప్పాడు. తాళంచెవి పోగొట్టుకున్నది కళాశాలేనని, ఆ సంగతి దాచింది కంప్యూటరు అధ్యాపకుడని, రుజువు లేకుండా నింద వేసింది తానని చెప్పాడు. "ఆమె తరగతి పిల్లల ఇళ్లకు ఫోన్లు రాకపోవడం ఆమె నేరం కాదు. ఆమె ఒక్కతే తన పని సరిగ్గా చేసింది. పిల్లల దగ్గరికి పోవడానికి పనికిరాదని నేను అన్నమాట తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను. క్షమించమని అడుగుతున్నాను." క్లిక్కు మాస్టారు కూడా లేచి, ఎవరికీ వినపడనంత మెల్లగా ఏదో అన్నాడు. "గట్టిగా" అంది లెక్కల మేడం. ఆయన తప్పు తనదేనని గట్టిగా చెప్పాడు.

గోడవార ఉన్న తల్లి వైపు తిరిగి ప్రిన్సిపాల్, "మీ పాప వివరాలు మా దగ్గర నుంచే పోయాయమ్మా. తప్పు మాది" అన్నాడు.

ఆమె కుర్చీలోంచి లేచింది. "ఇంట్లో అందరూ నన్నే అన్నారండీ. 'బుద్ధి లేక నంబరు చదివావు, బంగారం లాంటి సొమ్ము పోగొట్టావు' అని మా అత్త ఇప్పటికీ అంటుంది. ఇప్పుడు మీరన్న మాట మా ఇంటికొచ్చి చెప్పక్కర్లేదు. నేను చెప్పుకుంటా. ఎవరన్నారో చెప్పుకుంటా." ఆమె కూర్చుంది. ఈసారి కుర్చీ నిండా కూర్చుంది.

తాళంకప్ప వేదిక ఎక్కింది. ప్రిన్సిపాల్ ఆమె చేతికి సర్టిఫికెట్టు అందించాడు. చప్పట్లు మొదలయ్యాయి, ఆమె చేత్తో ఆగమంది. కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని, జిరాక్సు షాపులో ఏడాది పాటు తోటివాళ్ల కాగితాలు చూసిన కళ్లతో తన కాగితం పై నుంచి కింద దాకా చదివింది. పేరు సరిగ్గా ఉంది. ముద్ర ఉంది. సంతకం ఉంది. తేదీ పోయినేడాదిది.

"సరిపోయింది సార్" అంది.